పాత పట్టుచీరతో కుట్టిన లంగాలో నడుము దగ్గర పోగులు జరగకుండా ఎలా ఆపాలి?

మా అమ్మగారి పాత ధర్మవరం పట్టుచీరతో ఐదేళ్ల పాపకు లంగా కుడుతున్నాను. ఏళ్ల తరబడి బీరువాలో మడిచి ఉంచినందున చీర మడతల వెంట చీలింది. ఆ భాగాలను వదిలి, గట్టిగా ఉన్న బట్టనే జరీ అంచు కిందికి వచ్చేలా కత్తిరించాను. అయినప్పటికీ కుచ్చిళ్లను నడుము పట్టీకి కలిపిన చోట, పాప కూర్చుని లేచేసరికి, దారం తెగకుండానే పట్టు పోగులు పక్కకు జరిగి కుట్టు వెంట సన్నని సందులు ఏర్పడుతున్నాయి.

మిషన్‌లో 16వ నంబరు సూదిని తీసి, అంతకంటే సన్నని 11వ నంబరు వేశాను. కుట్టుకు వదిలిన అరంగుళం బట్టను అంగుళానికి పెంచాను, లోపల మల్లు గుడ్డ లైనింగ్ కూడా వేశాను, ఏదీ ఫలించలేదు. ఇస్త్రీతో అతికే ఫ్యూజింగ్ పెడితే సందులు ఆగాయి గానీ, పట్టు బిరుసెక్కి కుచ్చిళ్లు సరిగా జాలువారలేదు. పట్టులంగాకు అలా జాలువారడమే అందం కాబట్టి దాన్ని వదులుకోలేను.

పాత పట్టు మీద లాగుడు పడకుండా, బరువును లైనింగే మోసేలా ఈ నడుము కుట్టును ఏ విధంగా వేయాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా?