ఉబుంటులో పాత తెలుగు డీటీపీ ప్రోగ్రామ్ తెరుచుకుంటోంది, అక్షరాలే రావట్లేదు

అందరికీ నమస్కారం. నాన్నగారు శుభలేఖలు కంపోజ్ చేసే విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ పాడైపోయింది. హార్డ్ డిస్క్ బాగానే ఉంది, అందుకే ఆ ప్రోగ్రామ్‌ను ఉబుంటు 24.04లో వైన్ (విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా నడపాలని చూస్తున్నాను.

మొదట వైన్32 (32-బిట్ ప్రోగ్రామ్‌లకు కావాల్సిన వైన్ భాగం) లేదంది. ఐ386 (32-బిట్) ఆర్కిటెక్చర్ జోడించి ఇన్‌స్టాల్ చేశాను. తర్వాత ఎంఎఫ్‌సీ42 డీఎల్‌ఎల్ అనే విండోస్ ఫైలు అడిగింది, అలాంటివి వైన్‌లో చేర్చే వైన్‌ట్రిక్స్‌తో అదీ తీరింది.

ఇప్పుడు పాత ఫైలు తెరిస్తే, పైన ‘శ్రీరస్తు, శుభమస్తు’ ఉండాల్సిన చోట గీతలూ చుక్కలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి. ఫాంట్లు యూనికోడ్‌వి కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టిన పాత రకం. వైన్‌లోని విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసినా మార్పు లేదు. లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) మార్చాలా, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు ఉండే చోట) ఏమైనా చేర్చాలా? లేక వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిపే ప్రోగ్రామ్) ఎక్స్‌పీ పెట్టుకోవడమే మేలా? ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, నాన్నగారు చాలా టెన్షన్ పడుతున్నారు. ఇలాంటి ఫాంట్లు వైన్‌లో నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.