"మీదే ఊరు?" అంటే ఏం చెప్పాలి? మిలట్రీ ఇళ్ళలో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా

ట్రంకుపెట్టె (పాలకొల్లు) అడిగిన ప్రశ్న

నమస్కారమండి. మా తమ్ముడు ఆర్మీలో హవల్దారు. అక్టోబరులో ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఫీల్డ్ అంటే పెళ్ళాం పిల్లల్ని వెంట తీసుకెళ్ళడానికి వీల్లేని చోటు. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది, అమ్మ ఒక్కతే చూసుకోలేకపోతోంది. అందుకని మా మరదలు పిల్లలిద్దర్నీ తీసుకుని ఆచంట పక్కన మా పుట్టింటికి వచ్చేసింది. చిన్నది యూకేజీ. దానితో ఏ గొడవా లేదు, వారం తిరక్కుండా వీధంతా చుట్టేసింది. పెద్దాడు ఏడో తరగతి. టెన్షనంతా వాడి గురించే.

పుట్టింది సికింద్రాబాదులో, పెరిగింది బబీనా, ఫిరోజ్‌పూర్‌లలో. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. సంవత్సరం మధ్యలో బళ్ళో వేశాం. అక్కడ వాడికి "హిందీ" అని పేరు పెట్టేశారు. "ఏయ్ హిందీ" అంటే పలుకుతున్నాడు కూడా. అది సరే, పిల్లలన్నాక పేర్లు పెట్టుకుంటారు. నన్ను పట్టేసింది వేరే సంగతి. అమ్మ వాడికోసం బీరువాలో ఒక అర ఖాళీ చేసి, కాగితం పరిచి ఇచ్చింది. నెలన్నర అయింది, వాడు అందులో ఒక్క చొక్కా పెట్టలేదు. రోజూ సూట్‌కేసులోంచే తీసుకుంటాడు, ఉతికినవి మడతపెట్టి మళ్ళీ అందులోనే పెడతాడు. ఎందుకురా అంటే, "మళ్ళీ సర్దాలి కదా అత్తా" అన్నాడు.

ఆ వయసులో నేనూ అంతేనండి. నాన్న ఆర్టిలరీలో చేశారు, 2003లో రిటైరయ్యారు. నేను చదివింది ఆరు బళ్ళలో: పఠాన్‌కోట్, జోధ్‌పూర్, సికింద్రాబాద్, ఝాన్సీ, బెంగుళూరు, మీరట్. అన్నీ కేంద్రీయ విద్యాలయాలే. ఇలా బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల కోసమే 1963లో ఆ బళ్ళు మొదలుపెట్టారు, కాబట్టి ఎక్కడికెళ్ళినా అదే పుస్తకం. సోషల్లో ఒకే పాఠం సగం ఝాన్సీలో, మిగతా సగం బెంగుళూరులో విన్నాను. స్నేహితురాళ్ళకి మాత్రం అలాంటి ఏర్పాటేమీ లేదు.

మా ఇంట్లో ఒక నల్ల ఇనప ట్రంకుపెట్టె ఉండేది. మూత మీద తెల్ల పెయింటుతో నాన్న నంబరు, ర్యాంకు, పేరు, కింద యూనిట్. పోస్టింగ్ మారినప్పుడల్లా యూనిట్ ఉన్న చోట నల్లరంగు కొట్టి, ఆరాక మళ్ళీ తెల్లగా రాసేవారు. అలా కొట్టీ కొట్టీ అక్కడ రంగు పొరలు కట్టేసింది. చీకట్లో చేత్తో తడిమినా తెలిసేది. రంగు డబ్బా ఇంట్లోకి వచ్చిందంటే నాకు కడుపులో తిప్పేది. మాకెవరూ ఏమీ చెప్పేవారు కాదు, ఆ వాసనే చెప్పేది.

1999లో కార్గిల్ అప్పుడు నాన్న పైకి వెళ్ళారు. మేం మీరట్ క్వార్టర్లలోనే ఉన్నాం. ఉత్తరం రాయాలంటే అడ్రసు "కేరాఫ్ 56 ఏపీఓ" (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అంతే, ఊరి పేరుండదు. అమ్మ ఆ రెండు నెలలూ టీవీ మీద దుప్పటి కప్పి ఉంచింది. పక్క క్వార్టర్ టీవీ గోడలోంచి వినిపిస్తూనే ఉండేది.

పోయినేడు డిసెంబరు 7న, పతాక దినోత్సవం నాడు, ఊళ్ళో నాన్నకి శాలువా కప్పారు. "ఈ గడ్డ బిడ్డ" అన్నారు మైకులో. నాకూ సంతోషమే. అమ్మని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నా పక్కనున్నావిడ మాత్రం నన్ను తేరిపార చూసి, "మీరు హైదరాబాదు నుంచొచ్చారా అండీ" అంది. పెళ్ళయి పాలకొల్లు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది నేను!

నేనడిగేది ఇదీ. సర్టిఫికెట్లు, కోటాలు తెలిసినవాళ్ళు అవి చెప్పండి, పనికొస్తాయి. కానీ మీరూ ఇలా పెరిగినవాళ్ళయితే, మీకప్పుడు ఎవరైనా చేసిన పని ఏదైనా ఉందా, చిన్నదైనా సరే? వాడికి జాలి చూపిస్తే మాత్రం నచ్చదు. నాకూ నచ్చేది కాదు.

రిటైర్డ్ సుబేదార్ (రావులపాలెం)

అమ్మా, ముందు కాగితాల సంగతి. ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తీసి భద్రం చెయ్యండి. రేపు కాలేజీ సీటు దగ్గర లోకలా, నాన్‌లోకలా అన్నది వాటిమీదే తేలుతుంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకి క్యాప్ అని 2 శాతం కోటా ఉంది. అందులోనూ వరస ఉంటుంది, యుద్ధంలో పోయినవారి పిల్లలు ముందు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఏమేం కావాలో చెబుతారు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ గురించి చాలామంది పొరపడతారు. అది మాజీ సైనికుల పిల్లలకి, ఆడపిల్లలకి నెలకి 3000, మగపిల్లలకి 2500. సర్వీసులో ఉన్నవారి పిల్లలకి రాదు. మీ తమ్ముడు రిటైరయ్యాక చూసుకోవచ్చు.

ఇక రెండోది. పిల్లలు భయపడతారని మేం పోస్టింగ్ సంగతి ఆఖరి వారం దాకా దాచేవాళ్ళం. మీ రంగు డబ్బా ముక్క చదివాక, మా అమ్మాయికి ఏ వాసన ముందు తెలిసేదో అడగాలనిపించింది. నిన్న ఫోన్ చేశాను. గోనెపట్టా కుట్టే పురికొస అంది. మేం సామాను కట్టించిన ప్రతిసారీ దానికి ముందే తెలుసట. కాబట్టి దాచకండి. ఇక్కడ ఎన్నాళ్ళుంటాడో మీ తమ్ముడి చేతే ఫోన్లో చెప్పించండి. ఫీల్డ్ అంటే సాధారణంగా రెండు మూడేళ్ళు. అంత కాలం ఉంటానని తెలిస్తే అర సంగతి వాడే చూసుకుంటాడు.

లంకవాడు (రాజోలు)

అక్కా, ఏమీ అనుకోకు. కేంద్రీయ విద్యాలయం సీట్లు, మిలట్రీ క్యాంటీన్, కోటా, శాలువా అన్నీ మీకే. మా అమ్మ పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసింది. నేను మేనమామ ఇంట్లో పెరిగాను. మా వీధిలో ఇంటికొకరు అలాగే ఉన్నారు. మాకు ఏ దినోత్సవమూ లేదు. మా అమ్మ పేరు మైకులో ఎవరూ చదవలేదు.

మాధవరం అమ్మాయి

మాది మిలిటరీ మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ మా ఊరివాళ్ళు సైన్యంలో ఉన్నారు. ఊళ్ళో నాన్న మిలట్రీ అంటే ఎవరూ తల తిప్పి చూడరు, అందరి నాన్నలూ అంతే. నాది మీకు పూర్తిగా ఎదురు. నేను ఊరు కదల్లేదు, నాన్నే వచ్చిపోయేవారు, ఏడాదికి రెండు నెలల లీవు. అమ్మే కాలవ నీళ్ళకి వంతు కాసేది, కౌలు డబ్బులకి తిరిగేది. నాన్న వస్తే నా మంచం ఆయనకిచ్చి నేను నాయనమ్మ పక్కలోకి వెళ్ళేదాన్ని. లీవు అయిపోతే బాధగానే ఉండేది, మంచం వచ్చిందని కాస్త సంతోషంగానూ ఉండేది. ఆ రెండోది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మీ మేనల్లుణ్ణి ఒక ఆదివారం మా ఊరు తీసుకురండి. వాడు హిందీలో మాట్లాడితే మా తాతలు ఎగబడి జవాబిస్తారు, వాళ్ళకి ఇక్కడ ఆ భాష మాట్లాడే మనిషి దొరక్క నోరు ఎండిపోతోంది.

గోదారి గట్టు (ప్రస్తుతం అమెరికా, వర్జీనియా)

మేం ఉండేది నేవీ వాళ్ళు ఎక్కువున్న ఊళ్ళో. ఇక్కడ ఏప్రిల్ నెలని సైనికుల పిల్లల నెల అంటారు, 1986 నుంచీ ఉంది. ఒకరోజు బడికంతా ఊదారంగు బట్టలు వేసుకొస్తారు, అన్ని దళాల రంగులూ కలిస్తే ఆ రంగు అని చెబుతారు. డాండిలయన్ పువ్వు వాళ్ళ గుర్తు, గాలికి ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుందని. నాకు ఆ పువ్వు పోలిక అంత నచ్చదు, మొలవడానికి దానికేం కష్టమో ఎవరడిగారు గనక. కానీ మా అబ్బాయి బళ్ళో ఒక మంచి పద్ధతి ఉంది. కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే ఒక పిల్లాణ్ణి జత చేస్తారు. మధ్యాహ్నం అన్నం వాడి పక్కనే కూర్చుని తినాలి. అంతే పని.

తెలుగు మాస్టారు (పెనుగొండ)

చదవడం గురించి బెంగపడకండమ్మా. హిందీ వచ్చినవాడికి వర్ణమాల వరస కొత్త కాదు, క ఖ గ ఘ ఒకటే. కొత్తవి కొన్నే: పొట్టి ఎ, పొట్టి ఒ, ళ, ఱ. అసలు చిక్కు ఒత్తుల దగ్గర. హిందీలో మొదటి అక్షరాన్ని సగం చేస్తారు, మనం రెండోదాన్ని కిందికి దించుతాం. ఆ ఒక్క సంగతి చెప్పి చూడండి. ఒకటో తరగతి వాచకం ఇవ్వకండి, ఏడోతరగతి పిల్లాడికి సిగ్గు. మార్టేరు సెంటర్లో నిలబెట్టి బస్సుల బోర్డులు చదివించండి. "పాలకొల్లు"లో పొట్టి ఒకారమూ ఉంది, ఒత్తూ ఉంది. అది చదివితే సగం వచ్చేసినట్టే.

ట్రంకుపెట్టె (పాలకొల్లు), మూడు వారాల తర్వాత

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ముందు లంకవాడికి. తమ్ముడూ, నువ్వన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. మావాడి తరగతిలోనే ఇద్దరున్నారు, ఒకడి అమ్మ మస్కట్‌లో, ఒకడి నాన్న దోహాలో. మస్కట్ వాళ్ళబ్బాయీ మావాడూ ఇప్పుడు ఒకే బెంచీ. వాడు వీడికి వాట్సాప్‌లో అమ్మ పంపే వాయిస్ మెసేజీలు వినిపిస్తాడు, వీడు వాడికి హిందీ తిట్లు నేర్పుతున్నాడు. మీ అమ్మగారు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారా? ఉంటే నా తరఫున అడిగానని చెప్పు.

బస్సు బోర్డులు బాగా పనిచేశాయి మాస్టారూ. "పాలకొల్లు" మూడో రోజుకి వచ్చింది. "నరసాపురం" చూడకుండానే చెప్పేస్తున్నాడు, అక్షరాలు లెక్కపెట్టి ఊహిస్తున్నాడని నా అనుమానం.

సుబేదార్ గారూ, తమ్ముడి చేత చెప్పించాం. ఎనిమిది, తొమ్మిది ఇక్కడేరా అన్నాడు వాడు. వీడు "పక్కానా?" అని రెండుసార్లు అడిగి ఫోన్ వాళ్ళమ్మకిచ్చేశాడు.

డిసెంబరు 7న ఈసారీ సభ పెట్టారు. పెద్దలతో నేను ముందే మాట్లాడాను, పిల్లల గురించి కూడా ఒక ముక్క చెప్పించండని. చూద్దామండి అన్నారు, ఆ మాటకి అర్థం మనందరికీ తెలుసు. అయితే నాన్న కర్ర పట్టుకుని లేచి, శాలువా ఒళ్ళో పెట్టుకుని, మైకు అడిగారు. ఆయనకి ఉపన్యాసాలు రావు. "మా అమ్మాయి ఆరు బళ్ళలో చదివిందండి" అని ఊళ్ళ పేర్లు వరసగా చెప్పడం మొదలెట్టారు. జోధ్‌పూర్ మర్చిపోయారు. కుర్చీలోంచి అమ్మ గట్టిగా అందించింది. జనం నవ్వారు. నేను ఎక్కడ చూడాలో తెలియక మా మరదలి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ మీద పేరు చదువుతూ కూర్చున్నాను.

మాధవరం సంక్రాంతికి వస్తాం, వంట పెట్టుకోకండి.

నిన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు వాడు ఆడుకోవడానికి పోయాడు కదా అని బీరువా తీసి చూశాను. అరలో రెండు చొక్కాలు, ఒక షటిల్ బ్యాట్ ఉన్నాయి. ప్యాంట్లు ఇంకా సూట్‌కేసులోనే ఉన్నాయి.