పచ్చ కందిరీగ: చచ్చిన పురుగు ఒక్కటి చూసి స్పీషీస్ చెప్పొచ్చా?

జక్కూరు బాల్కనీ
బెంగళూరు జక్కూరులో మా బాల్కనీ కిటికీ పట్టాలో చచ్చి దొరికింది. 9 మిల్లీమీటర్లు, ఒళ్ళంతా నీలం కలిసిన పచ్చ. పైన గోడకి మట్టిగూడు ఉంది. పరాయి గూట్లో గుడ్డు పెట్టే కోకిల కందిరీగ అన్నారు. మా అన్నయ్య నెట్‌లో ఫోటో చూసి ‘స్టిల్బమ్ సయానురమ్’ అని తేల్చేశాడు. పురుగు నా దగ్గరే ఉంది. ఖాయంగా పేరు చెప్పగలరా?

పిన్నూ లేబులూ
స్టిల్బమ్ అయితే రొమ్ము పైభాగం చివర చెంచాలా వెనక్కి పొడుచుకొచ్చిన ముక్క ఉండాలండి. పక్క నుంచి చూడండి. లేకపోతే బహుశా క్రైసిస్, అది కోకిల కందిరీగల్లోనే ఇంకో జీనస్ (దగ్గరి స్పీషీసుల గుంపు). అప్పుడు పొట్ట మూడో పలక అంచున పళ్ళు, వాటి పైన గుంటల వరుస, పొట్ట కింద నల్లమచ్చల ఆకారం చూడాలి. ట్యూబ్‌లైట్ కింద మెరుపు తప్ప ఏమీ కనపడదు. ట్రేసింగ్ పేపర్ గొట్టంలా చుట్టి పురుగు చుట్టూ నిలబెట్టి, బయటి నుంచి లైటు వేయండి. చుక్కచుక్కగా గుంటలన్నీ తేలతాయి. ఓపికుంటే పేరు వస్తుంది.

తడి రంగు
క్రైసిస్ వరకు వస్తుంది. ఆ తర్వాత ఓపిక సరిపోదు. ఆ జీనస్‌లో స్పీషీసులు వెయ్యి దాటాయి. 1758లో లిన్నేయస్ ‘ఇగ్నైటా’ అని పేరు పెట్టిన ఐరోపా పురుగునే తీసుకోండి. అదొకటే అనుకున్నది పోను పోను పెద్ద గుంపయింది. అందులో కొన్ని ఆడవాటిని విడదీయడానికి ఆరితేరినవాళ్ళే తల పట్టుకుంటారు. మనవాళ్ళు మన దేశపు చీమలు, కోకిల కందిరీగల మీద 1903లో బింగామ్ రాసిన పుస్తకం తీసి రంగుతో మొదలెడతారు. అది రంగుద్రవ్యం కాదు, పొరల్లో వెలుగు ఆడే ఆట. తడిస్తే ఒకలా, ఆరితే ఇంకోలా. కాలు ఒకటి తీసి డీఎన్ఏకి పంపండి.

పిన్నూ లేబులూ
రంగు చూడమని నేనెక్కడన్నాను? పళ్ళన్నాను. ఇక డీఎన్ఏ బార్‌కోడ్ అంటే తల్లి నుంచే వచ్చే ఒక్క జన్యువులో 650 చిల్లర అక్షరాలు. ఎప్పుడో రెండు స్పీషీసులు ఒకదాంతో ఒకటి జతకట్టి ఉంటే అదీ అబద్ధం చెబుతుంది. పైగా పోల్చడానికి సరైన పేరున్న పురుగు ముందు ఎవరో ఒకరు లెన్సు కిందే చూసి ఉండాలి కదా.

గూడు ముఖ్యం
ఇద్దరూ గూడు వదిలేశారు. గూడు ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టే.

తడి రంగు
అదీ నమ్మలేం. పాత మట్టిగూళ్ళలో వేరే కందిరీగలు, తేనెటీగలు కూడా అద్దెకి దిగుతాయి. మన పచ్చది ఇంటి ఓనర్ పిల్లని తిందో, అద్దెవాళ్ళ పిల్లని తిందో ఎట్లా తెలుస్తుంది? గది పగలగొట్టి లోపలి గూడుపొర చూస్తే తప్ప.

పిన్నూ లేబులూ
ఇది మాత్రం ఒప్పుకుంటా. నా దగ్గర పదేళ్ళ నాటి పెట్టెలో సగం వాటి లేబుళ్ళ మీద ‘మట్టిగూటి నుంచి’ అని ఉంది. ఎవరి గూడో రాయలేదు. అది నేను చేసిన తప్పే. మగదైతే వేడినీటి ఆవిరికి పెట్టి మెత్తబరచి, సూదితో జననాంగం బయటికి లాగితే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఆడదైతే మాత్రం ‘క్రైసిస్, స్పీషీస్ తేలలేదు’ అని రాయడానికి సిగ్గుపడక్కర్లేదు. ఊహించి రాసిన పేరుని తర్వాతివాళ్ళు నిజమని ఎత్తి రాసుకుంటారు.

జక్కూరు బాల్కనీ
చెంచా లేదు. ట్రేసింగ్ పేపర్ చిట్కా పనిచేసింది. పళ్ళు నాలుగు, కుడివైపు చివరిది అరిగిపోయి మొద్దుగా ఉంది, అందుకే మొదట మూడనుకున్నా. గుంటలు స్పష్టంగా ఉన్నాయి. ఆడదే అనిపిస్తోంది, గుడ్లు పెట్టే గొట్టం కొన కనిపిస్తోంది. క్రైసిస్ అని మాత్రం రాశాను, తేదీ, ‘జక్కూరు, మూడో అంతస్తు’ కూడా. ఒక కాలు ఆల్కహాల్‌లో వేశాను. గూట్లో ఒక గది ఇంకా మూసే ఉంది. గూడు ఊడదీసి సీసాలో పెట్టి పైన నైలాన్ గుడ్డ కట్టాను. వంటింట్లో మాత్రం పెట్టొద్దంది అమ్మ.