ఉగాదికి వచ్చే అతిథులకు శాన్ ఆంటోనియో: ఆదివారం బస్సు ఎటు?

అతిథుల కమిటీ

అందరికీ నమస్కారం. శనివారం ఉగాది వేడుకకు హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్‌ల నుంచి వస్తున్న కుటుంబాల్లో చాలామంది వెంట ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో ఉన్నారు. ఆదివారం ఊరు చూస్తామని ఫారంలో టిక్ పెట్టినవాళ్ళతో రెండు బస్సులు నిండుతాయి. ఏం చూపించాలో ఈ వారమే తేల్చుకుందాం.

ఎప్పటిలా అలమో, రివర్ వాక్ (నది వెంట నడకదారి), భోజనం, ఇంటికి అని ముగించడం నాకు ఇష్టం లేదు. అలమో చూడాల్సిందే, కాదనను. కానీ ముందు కథ తెలియకుండా దాని ఎదుట నిలబడ్డ పెద్దవాళ్ళు "ఇంతేనా?" అంటారు. ఎత్తైన ఆఫీసు భవనాల మధ్య అది చిన్న రాతి కట్టడం. పైగా ఫొటోల్లో అందరూ గుర్తుపట్టే ఆ పైభాగపు వంపు, 1836 యుద్ధం నాటికి లేనే లేదు. అమెరికా సైన్యం ఆ భవనాన్ని గోదాముగా వాడుకుంటూ 1850లో కట్టించింది. పదమూడు రోజుల ముట్టడి, లోపల టెక్సస్ స్వాతంత్ర్యం కోసం నిలబడ్డ ట్రావిస్, బోవీ, క్రాకెట్, అవతల మెక్సికో అధ్యక్షుడు సాంటా అన్నా సైన్యం. ఇదంతా బస్సులోనే పది నిమిషాల్లో చెప్పి దింపితే చూపు మారుతుంది.

నేను గట్టిగా అడిగేది ఊరికి దక్షిణాన, స్పానిష్ పాలనలో మతప్రచారానికి కట్టిన నాలుగు మిషన్ల గురించి: కన్సెప్సియోన్, శాన్ హోసే, శాన్ హువాన్, ఎస్పాడా. అలమోతో కలిపి ఈ ఐదింటికీ 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. టెక్సస్‌లో ఆ గుర్తింపు తెచ్చుకున్న మొదటి చోటు ఇదే. అలమో కూడా మొదట మిషనే, 1718లో మొదలైంది. శాన్ హోసే 1720లో వచ్చింది. మిగతా మూడింటినీ 1731లో తూర్పు టెక్సస్ నుంచి ఈ నది ఒడ్డుకు తరలించారు. ఎందుకు ఇక్కడికే? నీళ్ళు. ఎడ్వర్డ్స్ భూగర్భ జలాల నుంచి ఊటలు పైకి ఉబికి నదిగా పారే చోటు ఇది. ఫ్రాన్సిస్కన్ ఫాదరీలు మతం చెప్పడానికి వచ్చారు సరే, మనుషుల్ని నిలబెట్టింది మాత్రం కాలువలే. ఇక్కడ వాటిని అసేకియాలంటారు. నది నుంచి పొలాలకు నీరు తెచ్చే ఆ కాలువల్లో ఎస్పాడాది ఇప్పటికీ పారుతోంది.

బస్సులో ఇంకో సంగతి కూడా తప్పక చెబుదాం. ఆ కాలువలు తవ్వినవాళ్ళు, ఆ రాళ్ళు మోసినవాళ్ళు ఇక్కడి కోవావిల్తెకన్ తెగల జనం. అపాచీ తెగవాళ్ళ దాడుల నుంచి రక్షణ, తిండి దొరుకుతాయని వచ్చి, పాత జీవితాన్ని, భాషను, బయటి నుంచి వచ్చిన రోగాల వల్ల పిల్లల్ని కూడా పోగొట్టుకున్నారు. వాళ్ళ వారసుల కుటుంబాలు ఇప్పటికీ చుట్టుపక్కల ఉన్నాయి, ఆ చర్చిలకే వెళ్తున్నాయి. రాతి పనితనాన్ని మాత్రమే పొగిడి వస్తే వాళ్ళకు అన్యాయం చేసినట్టే.

రవాణా

ఆలోచన బాగుంది అక్కా. కానీ లెక్క చూద్దాం. హ్యూస్టన్ మూడు గంటల దారి, డాలస్ నాలుగున్నర పైనే. సోమవారం పిల్లలకు స్కూలు. మధ్యాహ్నం రెండు దాటితే ఎవరూ ఆగరు. నాలుగు మిషన్లు, అలమో, రివర్ వాక్‌లో పడవ అన్నీ ఆదివారమే అంటే ఒక్కోచోట దిగి ఎక్కడానికే సరిపోతుంది. ముసలివాళ్ళు ఉన్న బస్సు ఖాళీ కావడానికే పావుగంట.

దూరాలు మాత్రం సమస్య కాదు. అలమో నుంచి ఎస్పాడా పది మైళ్ళ లోపే, మిగతావి దారిలోనే తగులుతాయి.

ఆస్టిన్ నుంచి వచ్చే వాలంటీరు

మా కారుల్లో వచ్చేవాళ్ళు శాన్ మార్కోస్ ఔట్‌లెట్ షాపుల దగ్గర ఆగాలని అడుగుతున్నారు. పిల్లలేమో సిక్స్ ఫ్లాగ్స్ అమ్యూజ్‌మెంట్ పార్కు అంటున్నారు. వీటికి బస్సు పెట్టగలమా?

అతిథుల కమిటీ

వద్దు తమ్ముడూ. శాన్ మార్కోస్ మీ దారిలోనే ఉంది, సొంత కారు ఉన్నవాళ్ళు వెళ్ళేటప్పుడు ఆగొచ్చు. సిక్స్ ఫ్లాగ్స్‌కి ఒక రోజంతా పోతుంది, అదీ ఊరికి ఇంకో కొసన. అసోసియేషన్ డబ్బుతో బస్సు పెట్టినప్పుడు, అమ్మమ్మ, మనవడు కలిసి నడిచే చోటికే పెడదాం.

రవాణా అన్న చెప్పింది నిజం. అందుకని రెండుగా విడగొడదాం. శుక్రవారం సాయంత్రానికే హోటల్‌కి చేరేవాళ్ళకు రివర్ వాక్. దీపాలు వెలిగాకే దాని అందం. ఆదివారం పొద్దున్న మిషన్లు. అలమో ఎవరికి వీలైతే వాళ్ళకు శనివారం ఉదయం, హాలు అలంకరణ జరుగుతున్నప్పుడు. అలమో చర్చి లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టక్కర్లేదు గానీ సమయం ముందే బుక్ చేసుకోవాలి. మగవాళ్ళు లోపల టోపీలు తీయాలి, అది స్మారక స్థలం.

ఒక సభ్యుడు

అందరికీ నమస్కారమండీ. నేను హాలు అలంకరణలో ఉన్నాను, ఇది నా కమిటీ కాదు, అయినా రాస్తున్నాను. మాది కోనసీమ. పోయినేడు మా నాన్నగారిని ఎస్పాడా దగ్గర ఆ అక్విడక్ట్ చూపించాను. కింద వాగు, పైన రెండు రాతి కమానుల మీదుగా కాలువ. 1740ల నాటిది. అమెరికాలో స్పానిష్ వాళ్ళు కట్టినవాటిలో ఇప్పటికీ నీరు మోస్తున్నది అదే. మా నాన్నగారు చూసీ చూడగానే "ఇది మన గన్నవరం అక్విడెక్టేరా" అన్నారు. వైనతేయ మీదుగా కాలువను దాటించి లంకకు నీళ్ళిచ్చిన ఆ కట్టడం చిన్నప్పటి నుంచీ చూసినవారు. అక్కడి నుంచి ఆయనకి గైడు అక్కర్లేదు. తూము ఎక్కడ, వాలు ఎంత, పూడిక ఎవరు తీస్తారు, వంతు ఎలా పంచుకుంటారు, అన్నీ ఆయనే అడిగారు. అలమో దగ్గర ఒక్క ప్రశ్నా అడగలేదు.

మనవాళ్ళ తల్లిదండ్రుల్లో సగం మంది కాలువ కిందో చెరువు కిందో సేద్యం చేసినవాళ్ళే. ఎస్పాడాని దయచేసి జాబితా నుంచి తీయొద్దు.

అతిథుల కమిటీ

తీయం. అక్కడే మొదలుపెడదాం. అక్విడక్ట్ ఆరుబయట ఉంది, గేటు తీసేదాకా ఆగక్కర్లేదు. మీరు మొదటి బస్సులో ఎక్కి ఆ పది నిమిషాలు మాట్లాడాలి, నాన్నగారి ప్రశ్నలతో సహా.

తర్వాత శాన్ హువాన్. అసేకియా నీటితో పొలం పండించి చూపిస్తారు, ఆ పంట ఊరి ఫుడ్ బ్యాంకుకి వెళ్తుంది. తక్కువ సేపు చాలు. ఎక్కువ సేపు శాన్ హోసేలో. నాలుగువైపులా ప్రహరీ, దానికి ఆనుకుని లోపల తెగలవాళ్ళు కాపురమున్న గదుల వరస, మధ్యలో మైదానం, ఒక మూల చర్చి, దక్షిణపు గోడకు చెక్కిన ప్రసిద్ధమైన గులాబీ కిటికీ. మిషన్ అంటే ఒక గుడి కాదు, గోడలు కట్టుకున్న ఊరు అని అర్థమయ్యేది అక్కడే. గోడ బయట నీటితో తిరిగే పిండిమర ఉంది, 1790ల నాటిది, తర్వాత బాగుచేసినది. పిల్లల్ని అక్కడికి తప్పకుండా తీసుకెళ్ళండి.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఈ నాలుగూ నేటికీ ప్రార్థనలు జరిగే చర్చిలు. ఆదివారం మధ్యాహ్నం శాన్ హోసేలో మరియాచి అనే మెక్సికన్ సంగీతంతో జరిగే ప్రార్థనకు ఊరంతా వస్తుంది. మన బృందం పదిన్నరకల్లా అక్కడ ఉండి, ఆ జనం రాకముందే పార్కింగ్ ఖాళీ చేయాలి. లోపల ప్రార్థన జరుగుతుంటే ఫొటోల కోసం తలుపు తీయకూడదు. మన గుడిలో హారతి వేళ బయటివాళ్ళు ఎలా ఉండాలనుకుంటామో మనమూ అలాగే ఉండాలి.

కన్సెప్సియోన్ చివర, తిరుగుదారిలో. 1755 నాటి చర్చి, పైకప్పు ఎన్నడూ కూలలేదు. లోపలి గోడల మీద పాత రంగుల చిత్రాలు కొన్ని మిగిలే ఉన్నాయి.

భోజనాలు

ఆదివారం బయట తినిపించే ఆలోచన ఉంటే ఒక మాట. ఇక్కడి మెక్సికన్ హోటళ్ళలో మాంసం లేని ప్లేటు అని చెప్పినా, బీన్స్‌ను, కొన్నిచోట్ల టోర్టియాలను పంది కొవ్వుతో చేస్తారు. అన్నం చికెన్ నీళ్ళతో వండుతారు. శాకాహారులు ముందే అడగాలి. పెద్దవాళ్ళతో ఆ తంటా ఎందుకు? పులిహోర, దద్దోజనం ప్యాకెట్లు మేమే కడతాం. శాన్ హోసే దగ్గరి కౌంటీ పార్కులో కూర్చుని తినొచ్చు. మిషన్ గోడల లోపల మాత్రం ప్యాకెట్లు విప్పొద్దని బస్సులోనే చెప్పండి.

పెద్దల సదుపాయాలు

రివర్ వాక్ గురించి రెండు జాగ్రత్తలు. అది రోడ్డు కంటే కింద ఉంటుంది. చాలాచోట్ల మెట్లే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను లిఫ్టు ఉన్న చోటే దింపాలి. రెండోది, నీటి అంచున చాలావరకు కటకటాలు లేవు. చిన్నపిల్లలున్న ప్రతి కుటుంబానికీ ఒక వాలంటీరు తోడుండాలి. నడవలేనివాళ్ళకు పడవ మేలు, అరగంట పైచిలుకు తిప్పుతారు.

మార్చిలో ఎండ భయం లేదు, ఓక్ చెట్ల పుప్పొడి మాత్రం ఎక్కువ. ఆస్తమా ఉన్నవాళ్ళు మందు జేబులోనే ఉంచుకోవాలి.

గుడికి వెళ్ళాలన్న పెద్దలు కూడా ఉన్నారు. హెలోటెస్‌లోని హిందూ దేవాలయం వాయవ్యాన ఉంది, బస్సు దారికి పూర్తిగా ఎదురు దిక్కు. వాళ్ళకు శనివారం పొద్దున్న రెండు వ్యాన్లు సర్దితే సరిపోతుంది.

అతిథుల కమిటీ

సర్దుదాం. పడవలో మనవాళ్ళకు చెప్పాల్సింది కూడా రాసి పెట్టాను. 1921 సెప్టెంబరులో ఈ నది పొంగి ఊరి నడిబొడ్డున యాభై మంది దాకా చనిపోయారు. ఆ తర్వాత పైన ఓల్మోస్ డ్యామ్ కట్టారు, వరద నీరు నేరుగా పోయేలా అడ్డంగా కాలువ తవ్వారు. అలా నెమ్మదించిన పాత వంపు వెంట అంగళ్ళు, వంతెనలు, నడకదారి వేద్దామని 1929లో రాబర్ట్ హగ్‌మన్ అనే ఆర్కిటెక్టు ప్రతిపాదించాడు. పని జరిగింది 1939 నుంచి 1941 దాకా, ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వం ఉపాధి కోసం పెట్టిన పథకం కింద. ఇదే నదిలో దీపావళి పండుగకు దీపాలు వదులుతారు. 2008 నుంచి చెన్నై ఈ ఊరికి సోదర నగరం.

ఇప్పుడు కావలసినవి: శుక్రవారం పడవల గ్రూప్ బుకింగ్‌కు ఒకరు, అలమో స్లాట్లకు ఒకరు, ప్రతి బస్సులో తెలుగులో మాట్లాడడానికి ఇద్దరేసి. స్పానిష్ వచ్చిన కాలేజీ పిల్లలు ఎవరైనా ఉంటే మిషన్ల దగ్గర మాతో ఉండమనండి. ఆదివారం ఎనిమిదిన్నరకు హోటల్ ముందు బస్సులు, ఒంటిగంటన్నరకు తిరిగి అక్కడికే. పేర్లు ఈ కిందే రాయండి, గురువారం రాత్రి బస్సుల వాళ్ళకు లెక్క చెప్పాలి.

రవాణా

బస్సులు నేను మాట్లాడతాను. ఎస్పాడా దగ్గర పార్కింగ్ ఇరుకు, రెండూ ఒకేసారి వెళ్తే తిప్పడం కష్టం. ఇరవై నిమిషాల తేడాతో బయలుదేరదాం. రెండో బస్సు ముందు శాన్ హువాన్‌కి వెళ్తుంది. కోనసీమ అన్నగారూ, మొదటి బస్సు వెళ్ళిపోయాక మీరు కాలువ దగ్గరే ఆగితే రెండో బస్సువాళ్ళకూ మీరే చెప్పొచ్చు. వాళ్ళతోనే శాన్ హోసేకి వచ్చేయండి.

ఒక సభ్యుడు

ఆగుతానండీ. నాన్నగారు కూడా వస్తామన్నారు. ఆయనకో మడత కుర్చీ వేయించండి.