ఐబ్రో టాటూ టచప్‌కి పోవాలి, మొదటిసారి కంటే నొప్పి ఎక్కువుంటదా? చేయించుకున్నోళ్ళు చెప్పండి

వేదాయపాళెం_పిల్ల:
అందరికీ నమస్తే. నాకు 34, మాది నెల్లూరు. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పటి నుంచి కనుబొమ్మల కొసలు రాలిపోయి సగానికే ఆగిపోయినయ్. రోజూ పెన్సిల్ గీసుకోని ఆఫీసుకు పోవడం, మన ఎండలకి చెమటపట్టి అది చెరిగిపోవడం, ఇంక విసుగొచ్చి ఐదు వారాల కింద మైక్రోబ్లేడింగ్ చేయించుకున్నా. మిషన్ కాదు, చేత్తో పట్టుకునే పెన్ను లాంటిది, కొసన సన్న సూదులు వరసగా ఉంటయ్, దాంతో చర్మంలోకి రంగు దిగేటట్టు ఒక్కో వెంట్రుకలాగా గీశారు.

కుడిపక్క గీసేటప్పుడు పెద్దగా తెలీలేదు, నొప్పి కంటే ఆ చప్పుడుకే భయమేసింది, అట్ట మీద బ్లేడుతో గీకినట్టు తలకాయ లోపల్నించి వినపడతా ఉంటది. ఎడమపక్కకి వచ్చేసరికి మాత్రం ప్రతి గీతా తెలిసింది, కొసన ఎముక మీదకొచ్చినప్పుడు చుర్రుమని కళ్ళనీళ్ళు వాటంతటవే కారిపోయినయ్. నొప్పిగా ఉందండీ అంటే ఇంకో ఐదు నిమిషాలమ్మా అన్నారు, ఆ ఐదు నిమిషాలు అరగంట పట్టింది. నేను కూడా పళ్ళు బిగబట్టి కూర్చున్నా, మళ్ళీ అడగాలంటే మొహమాటం. బయటికొచ్చి ఆటో ఎక్కేటప్పుడు కళ్ళు తిరిగినయ్.

ఇప్పుడు ఎడమపక్కే మధ్యలో ఖాళీలు కనపడతన్నయ్. వచ్చే శనివారం టచప్, అంటే ఆ ఖాళీల్లో మళ్ళీ గీస్తారు. మా చెల్లి పెళ్ళి ఇంకా ఆరు వారాలుంది. ఒకసారి తెగి మానిన చర్మం మీద మళ్ళీ గీస్తే ఎట్టుంటది? తలుచుకుంటేనే రాత్రి నిద్ర పట్టడంలా.

ఒంగోలు_అక్క:
చెల్లీ, నువ్వు రాసింది చదవతంటే నా ఎడమ కనుబొమ్మ జివ్వుమంది. నేను మొదటిది అయ్యాక ఏడు వారాలకి ఒక టచప్, మళ్ళీ ఏడాదిన్నరకి రంగు పాలిపోతే ఇంకోటి చేయించుకున్నా. నా వరకు మొదటి టచప్పే అన్నిటికంటే తేలిగ్గా అయింది, ఎందుకంటే మొత్తం గీయరు, రంగు నిలవని చోట్లే గీస్తారు. మొదటిసారి మూడు గంటలు పట్టింది, టచప్ గంటలో అయిపోయింది, అందులో గీసింది ఇరవై నిమిషాలు ఉంటదేమో.

నొప్పి ఎట్టుంటదంటే థ్రెడింగ్‌లో దారం ఒకే చోట నాలుగైదుసార్లు లాగితే వచ్చే మంట ఉంది చూడు, దానికి దగ్గర. ముక్కు పక్కన మొదలు దగ్గర గీస్తంటే తుమ్మొచ్చినట్టు అయ్యి ఊరికే నీళ్ళు కారతయ్, అది నొప్పి వల్ల కాదు, ఏడుస్తన్నానని సిగ్గుపడబాకు. కొస దగ్గర మాత్రం తెలుస్తది, కండ లేకుండా ఎముక మీద గీస్తారు గదా. ఇంటికొచ్చాక సాయంత్రం దాకా ఎండకి కమిలినట్టు సురసురమంటది, తెల్లారేసరికి బిగుసుకున్నట్టు ఉంటది అంతే.

గూడూరు_గీత:
నాకు రివర్స్ అండీ, టచప్పే ఎక్కువ నొప్పి. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, డేట్ రావడానికి రెండు రోజుల ముందు పోయా, పైగా ముందు రాత్రి సరిగా నిద్ర లేదు, పొద్దున్నే రెండు గ్లాసుల స్ట్రాంగ్ కాఫీ తాగా. మీ శనివారం నెలసరి దగ్గర్లో పడతంటే ఒక వారం జరుపుకోండి, ఆరు వారాలు ఉంది గదా.

కావలి_బ్యూటీ_కార్నర్:
నేను కావలిలో పార్లర్ నడపతన్నా, ఈ పని నేర్చుకోని ఆరేళ్ళయింది. మీకు ఎడమపక్కే ఎందుకు నొప్పి పుట్టిందో చెప్తా మేడం. మత్తు క్రీము రెండు పక్కలా ఒకేసారి రాసి, కవర్ కప్పి అరగంట ఉంచి తుడిచేస్తారు. కుడిది మొదలుపెట్టి గంట గీస్తే అది అయ్యేసరికి ఎడమపక్క మొద్దుబారింది సగం దిగిపోయి ఉంటది. అప్పుడు చేయాల్సింది ఏందంటే మొదటి వరస గీతలు సన్నగా గీసి దాని మీద రెండో మత్తు జెల్ పెట్టి ఆగాలి. చర్మం తెరుచుకోని ఉంటది కాబట్టి అది తొందరగా పట్టద్ది, పెట్టిన అరనిమిషం నిమ్మకాయ పిండినట్టు మండద్ది, ఆ తర్వాత చల్లబడి గీస్తన్న సంగతే తెలీదు. మీకు అది పెట్టినట్టు లేరు. కస్టమర్ నొప్పి అంటే ఆపాలి, ఐదు నిమిషాలు ఓర్చుకోమనడం తప్పు. నొప్పికి మనిషి నుదురు ముడిస్తే గీత వంకర పోద్ది, చెమట, రక్తం ఎక్కువొస్తే రంగు కొట్టుకుపోద్ది, మీ ఎడమపక్క ఖాళీలకి అది కూడా ఒక కారణం అయ్యుండచ్చు.

కాబట్టి ఈసారి కూర్చునే ముందే చెప్పండి, ఎడమది ముందు చేయండి, మధ్యలో జెల్ పెట్టండి, నేను చెయ్యెత్తితే ఆపండి అని. మొహమాటం వద్దు, డబ్బులిచ్చేది మీరు. సూది ప్యాకెట్ మీ కళ్ళముందే చింపమనండి. తెగిన చోట పక్కు పూర్తిగా రాలి ఆరు వారాలు నిండితేనే చేయించుకోండి, లోపల మానకుండా గీస్తే నొప్పీ ఎక్కువే, మచ్చ కూడా పడద్ది.

పొగతోట_సిస్టర్:
హాస్పిటల్లో పనిచేసే దాన్ని కాబట్టి మత్తు క్రీము గురించి ఒక మాట. అందులో ఉండేది లిడోకైన్, పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇస్తాడే, అదే మందు. కాబట్టి పళ్ళు పీకించుకున్నప్పుడు మీకు దద్దుర్లు, ఆయాసం లాంటివి వచ్చుంటే ముందే చెప్పండి. కొన్ని రెండో జెల్స్‌లో రక్తం తగ్గడానికి ఎపినెఫ్రిన్ కలిపుంటది, గుండె దడదడమనొచ్చు, బీపీ ఉన్నోళ్ళు చెప్పాలి. నొప్పికి భయపడి ఆన్‌లైన్‌లో స్ట్రాంగ్ క్రీము కొనుక్కోని ఇంట్లోనే మందంగా పూసుకోని పోబాకండి. 2024 మార్చిలో అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ వాళ్ళు ఇట్టాంటి టాటూ క్రీముల మీదే హెచ్చరిక ఇచ్చారు, అక్కడ డాక్టరు చీటీ లేకుండా అమ్మే వాటిలో లిడోకైన్ 4 శాతం దాటకూడదు, వీటిలో అంతకు చాలా ఎక్కువ ఉంటందని. మోతాదు ఎక్కువై రక్తంలో కలిస్తే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. కంట్లో పడినా ప్రమాదమే.

ముందు రోజు ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు, రక్తం ఎక్కువ కారద్ది. కానీ గుండె డాక్టరు రాసిన మాత్రలు సొంతంగా ఆపేది మాత్రం లేదు, ఆయన్నే అడగండి. తర్వాత నొప్పి ఉంటే పారాసెటమాల్ చాలు. వాపు పెరుగుతా, చీము, జ్వరం వస్తే పార్లర్‌కి కాదు, చర్మం డాక్టరు దగ్గరికి పోండి. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ఇప్పుడు వద్దు.

మీరు కళ్ళు తిరిగినయ్ అన్నారు, ఆ రోజు ఏమన్నా తిన్నారా?

వేదాయపాళెం_పిల్ల:
సిస్టర్, ఇది ఎవరూ అడగలా. ఆరోజూ శనివారమే, నాకు శనివారం ఒక్కపొద్దు. పొద్దున్నించి టీ తప్ప ఏం లేదు. టచప్‌ని తర్వాత వారం బుధవారానికి మార్చుకున్నా, అప్పటికి ఆరు వారాలు దాటద్ది, డేట్ కూడా అయిపోద్ది.

వేదాయపాళెం_పిల్ల:
నిన్న పోయొచ్చా. మూడు ఇడ్లీలు తినే పోయా. లోపలికి పోంగానే నేర్చుకున్న పాఠంలాగా అన్నీ చెప్పేశా, ఎడమది ముందు, మధ్యలో జెల్, చెయ్యెత్తితే ఆపాలి. ఆమె ఏం అనుకోలా, పోయినసారి చెప్పుంటే పెట్టేదాన్ని గదమ్మా అంది. నలభై నిమిషాలు క్రీము ఉంచింది. మొదటి గీతలు చీమ పాకినట్టు, తర్వాత కొంచెం మంట, జెల్ పెట్టంగానే కావలి అక్క చెప్పినట్టే నిమ్మకాయ మంట, చేతిలో కర్చీఫ్ నలిపి ఉండ చేశా, తర్వాత నిజంగా ఏం తెలీలేదు. కొస దగ్గర రెండుసార్లు చెయ్యెత్తా, రెండుసార్లూ ఆపింది. గంటా పది నిమిషాల్లో బయటికొచ్చా, ఆటో ఎక్కేటప్పుడు కాళ్ళు వణకలా.

మా అమ్మ మాత్రం పసుపు గిన్నెతో వెనకాలే తిరగతంది, పక్కు రాలేదాకా పసుపు, కొబ్బరినూనె ఏదీ రాయకూడదంటే వినడంలా.

ఒంగోలు_అక్క:
అమ్మకి పెళ్ళికూతురి నలుగు పని అప్పజెప్పు, నీ మొహం జోలికి రాదు. వారం పది రోజులు చెమట పట్టే పనులు పెట్టుకోబాకు. మధ్యలో రంగు మొత్తం పోయినట్టు కనపడద్ది, కంగారుపడబాకు, నాలుగో వారానికి పైకి తేలద్ది, పెళ్ళికి సరిగ్గా సరిపోద్ది.

వేదాయపాళెం_పిల్ల:
సరే అక్కా. రెండు దిండ్లు పెట్టుకోని వెల్లకిలా పడుకుంటన్నా. ఎడమ కొసన మాత్రం దుప్పటి అంచు తగిలినా ఇంకా పచ్చిగా ఉంది.