చర్చ: పక్క మీద తిరిగితే తల తిరుగుతోంది, మాత్రలు వాడాలా, తల తిప్పించుకోవాలా?

వేకువ:
అమ్మకు 68 ఏళ్లు. నాలుగు నెలలుగా పక్క మీద ఒకవైపు తిరిగితే చాలు, గదంతా గిర్రున తిరుగుతోందని మంచం పట్టె గట్టిగా పట్టుకుంటోంది. అర నిమిషంలో తగ్గిపోతుంది కానీ ఆ భయానికి రాత్రంతా కదలకుండా వెల్లకిలా పడుకుంటోంది. మొదట మెడ అరుగుదల అన్నారు, కాలర్ పెట్టారు. తర్వాత బీటాహిస్టిన్, మధ్యలో సిన్నరిజిన్. మాత్ర వేసుకుంటే పగలంతా మత్తు, రాత్రి పక్క తిరిగితే మళ్లీ అదే. ఇప్పుడు ఇంకో డాక్టర్ మాత్రలు ఆపేసి తలను అటూ ఇటూ తిప్పి సరిచేస్తామంటున్నారు. ఇంట్లో రెండు వర్గాలయ్యాం. మీరేమంటారు?

నిమ్మచెట్టు:
నేను మాత్రల వైపే. నాకు వెస్టిబ్యులర్ న్యూరైటిస్ వచ్చినప్పుడు రెండు రోజులు ఆగకుండా తిరిగింది, మంచినీళ్లు తాగినా వాంతే. ఆ రోజు ఇంజెక్షన్ లేకపోతే ఏమైపోయేదాన్నో. ఆ వయసులో మెడ పట్టుకుని తిప్పడమంటే నాకైతే భయమే.

తారాజువ్వ:
మీకు వచ్చింది వేరు, అమ్మగారిది వేరు. తల తిరగడం అనే ఒక్క మాట కింద అన్నిటినీ కలిపేస్తున్నాం కాబట్టే ఈ గొడవంతా. న్యూరైటిస్‌లో సమతూకాన్ని చూసే నరం దెబ్బతింటుంది, కదలకపోయినా రోజుల తరబడి తిరుగుతుంది, మొదటి రెండు మూడు రోజులు మందు కావాల్సిందే, కాదనను. పక్క తిరిగినప్పుడే వచ్చి నిమిషం లోపు తగ్గిపోయేది చాలావరకు బీపీపీవీ, అంటే బినైన్ పరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో. లోపలి చెవిలో వెస్టిబ్యూల్ అని చిన్న గది ఉంటుంది, చెవికి ముంగిలి అనుకోండి. అందులోని యూట్రికిల్ అనే సంచిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు అంటుకుని ఉంటాయి. అవి ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళాల్లోకి, ఎక్కువమందిలో వెనక నాళంలోకి జారిపోతాయి. తల కదిపితే అవి దొర్లుతాయి, లోపలి ద్రవం కదులుతుంది, మనిషి తిరుగుతున్నాడని మెదడుకు తప్పుడు కబురు వెళ్తుంది. ఆ రేణువులను వెనక్కి తోసే మాత్ర లేదు. తలను ఒక వరుసలో తిప్పి వాటిని యూట్రికిల్‌లోకి రాల్చే పద్ధతిని జాన్ ఎప్లీ 1992లోనే ప్రచురించారు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2017 మార్గదర్శకాలు కూడా బీపీపీవీకి సిన్నరిజిన్ లాంటి యాంటీహిస్టమిన్లు, మత్తు కలిగించే బెంజోడయజపిన్లు మామూలుగా వాడొద్దనే చెప్పాయి. ఆ మత్తులో పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడితే తుంటి విరుగుతుంది, నాకు కోపం వచ్చేది అక్కడే.

నిమ్మచెట్టు:
బీటాహిస్టిన్ మత్తు మందు కాదు కదా. అంతమంది డాక్టర్లు ఊరికే రాస్తారా?

తారాజువ్వ:
మత్తు మందు కాదు, నిజమే. అది ప్రధానంగా మెనియర్ వ్యాధికి రాసే మందు, అంటే తల తిరగడంతోపాటు చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉండేది. దానిలో కూడా జర్మనీలో 221 మందిపై తొమ్మిది నెలలు పరీక్షించి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కనిపించలేదు, 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇక జారిపోయిన రేణువులకు అదేం చేస్తుంది?

గోరింట:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు నేజల్ వెస్టిబ్యులైటిస్ అని రాశారు. నాకూ తల తిరుగుతుందా?

చెవిలోలకు:
లేదండీ, కంగారు పడకండి. వెస్టిబ్యూల్ అంటే లోపలికి వెళ్లే ముందుండే జాగా, ఒంట్లో చాలాచోట్ల ఉంది. మీది ముక్కు రంధ్రం మొదట్లో వెంట్రుకలుండే చోట ఇన్ఫెక్షన్, వెంట్రుకలు పీకితే, వేలు పెట్టి కెలికితే వస్తుంది. అక్కడ గడ్డ లేస్తే మాత్రం చిదమకండి, ఆ రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉంది. స్త్రీలకు యోని ద్వారం చుట్టూ ఉండే భాగమూ వెస్టిబ్యూలే. అక్కడ దూది పుల్ల తగిలినా భరించలేని నొప్పి వస్తే వెస్టిబ్యులోడినియా అంటారు. అది మనసు భ్రమ కాదు, సిగ్గుపడి ఏళ్లు నెట్టుకురావాల్సిన పనీ లేదు.

అసలు సంగతికొస్తే, నేను ఈఎన్‌టీలో పీజీ చేస్తున్నాను. తారాజువ్వ గారి మాట సబబే, కానీ ముందు ఏ చెవి, ఏ నాళం అన్నది తేలాలి. మనిషిని కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు ఒకవైపు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెడతాం, తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలుతుంది. కళ్లు తెరిచే ఉంచమంటాం. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత కనుగుడ్లు మెలితిరుగుతున్నట్టు కొట్టుకోవడం మొదలవుతుంది, మనిషి మన చెయ్యి గట్టిగా పట్టేసుకుంటారు, నిమిషం లోపు అన్నీ సద్దుమణుగుతాయి. ఇది డిక్స్, హాల్‌పైక్ 1952లో చెప్పిన పరీక్ష. స్కాన్‌లో ఈ రేణువులు కనబడవు, కళ్లే చెబుతాయి. ఇది చూడకుండా వీడియో పెట్టుకుని ఇంట్లో తిప్పితే తప్పు చెవికి చేసే ప్రమాదం ఉంది. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యీ కాలూ పట్టు తప్పడం, నిలబడలేకపోవడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా ఈ చర్చలన్నీ వదిలి ఎమర్జెన్సీకి వెళ్లండి.

నిమ్మచెట్టు:
సరే, మా నాన్నగారికి కూడా పక్క తిరిగితేనే వస్తుంది. మెడకు ఆపరేషన్ అయింది, తల వెనక్కి వాల్చలేరు. ఆయనకు మాత్ర తప్ప దారేది?

చెవిలోలకు:
సెమాంట్ పద్ధతి అడిగి చూడండి. అందులో మెడను వెనక్కి వంచరు, ఒంటిని మొత్తంగా ఒక పక్క నుంచి రెండో పక్కకు వేగంగా పడుకోబెడతారు. ఇంట్లో మాత్రం వద్దు, ఆపరేషన్ సంగతి ముందే చెప్పి డాక్టర్ దగ్గరే చేయించండి.

వేకువ:
ఈ రోజు వెళ్లొచ్చాం. ఇన్నాళ్లూ కుడి చెవి అనుకున్నాం, పరీక్షలో ఎడమది అని తేలింది. ఎప్లీ పద్ధతి రెండుసార్లు చేశారు. మొదటిసారి అమ్మ కేకపెట్టింది, రెండోసారి కళ్లలో కదలిక లేదు. మళ్లీ రావచ్చు, వస్తే మళ్లీ చేస్తామన్నారు, మాత్రలు ఆపేయమన్నారు. ఇప్పుడే చూసొచ్చాను, ఎడమ వైపు తిరిగి నిద్రపోతోంది.

నిమ్మచెట్టు:
సంతోషం వేకువ గారూ. నాన్నగారి మెడ రిపోర్టులు తీసుకుని వచ్చే వారం వెళ్తాం. అప్పటిదాకా మాత్రలు మాత్రం నా అంతట నేను ఆపను.