రోగం లేని కోళ్లనూ పూడ్చాలా?

చిట్యాల కోళ్లషెడ్డు:
పక్క షెడ్డులో బర్డ్ ఫ్లూ అని భోపాల్ ల్యాబు తేల్చింది. దానికి నా కోళ్లనూ పూడ్చారు, కిలోమీటరు లోపల ఉన్నాయని. ఆ ఉదయం కూడా దాణా కోసం ఒకదాన్నొకటి తోసుకున్నాయి. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుందని పశువైద్యులు మీరే చెబుతారు. మరి పూడ్చడమెందుకు?

మిర్యాలగూడ భోజనప్రియుడు:
మాకు ఆ వారం కిలో సగం ధరకే వచ్చింది.

పాలమూరు పశువైద్యుడు:
ఉడికించడం తినేవారి సంగతి. పూడ్చేది రెట్ట ఎత్తేవారి కోసం. 1997లో హాంకాంగ్‌లో హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ 18 మందికి సోకి ఆరుగురు పోయారు. మార్కెట్లలో, ఫారాల్లో ఉన్న సుమారు 15 లక్షల కోళ్లను చంపాకే అది ఆగింది. మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటుకునే విద్య దానికి ఇంకా అబ్బలేదు. కోడి నుంచి మనిషికి ఎక్కిన ప్రతిసారీ మరో అవకాశం ఇచ్చినట్టే. మనిషి నుంచి మనిషికి అంటుకున్న 1918 ఫ్లూకు మన దేశంలోనే కోటి మందికి పైగా బలయ్యారు.

చిట్యాల కోళ్లషెడ్డు:
70 డిగ్రీలకు చస్తుందా, చావదా?

పాలమూరు పశువైద్యుడు:
చస్తుంది, కూర గిన్నెలో. షెడ్డు ఊడ్చేవాడి ఊపిరితిత్తుల్లో కాదు.

దేవరకొండ సందేహి:
1976లో అమెరికాలో ఒక సైనికుడు స్వైన్ ఫ్లూతో పోతే, మహమ్మారి వస్తోందని 4 కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. మహమ్మారి రాలేదు. టీకా వేసుకున్న కొందరికి నరాల జబ్బు వచ్చి, కార్యక్రమమే ఆపేశారు.

పాలమూరు పశువైద్యుడు:
2009లో వచ్చింది కదా! దేశంలో మొదటి కేసు హైదరాబాదులోనే. తొందరపడితే ఒక తిట్టు, ఆలస్యమైతే ఇంకో తిట్టు.

చిట్యాల కోళ్లషెడ్డు:
తిట్లు మీకు, అప్పు నాకు. కోడిపిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది. షెడ్డు, కరెంటు, ముప్పై రోజుల చాకిరీ నావి. కోడి ఎవరిదో పరిహారం వారికే అన్నారు. పెంపకం కూలి ఒక్క రూపాయి రాలేదు.

పాలమూరు పశువైద్యుడు:
ఈ మాట మొదటే అనవలసింది. ఇంతసేపూ వైరస్ గురించి వాదించాను.

దేవరకొండ సందేహి:
ఈసారి ఇరవై కోళ్లు తల వాలిస్తే ఈయన మీకు చెబుతాడా, రాత్రికి రాత్రి మిగతావి అమ్మేస్తాడా?

పాలమూరు పశువైద్యుడు:
చెప్పకపోతే మేం కళ్లకు గంతలు కట్టుకున్నట్టే. ఫోను చేయండి, అన్నా.

చిట్యాల కోళ్లషెడ్డు:
మీ ఆసుపత్రి నంబరు షెడ్డు తలుపు మీద సుద్దతో రాసే ఉంది, సార్. దాని పక్కనే లారీ డ్రైవరుదీ ఉంది.